నీళ్లతిత్తి

కూతురు రషీదా దగ్గి ఉమ్మిన దాన్ని చూసి ఖాదర్ వలికి నోట మాట రాలేదు. అదేమిటో తెలియక కాదు, తెలిసే.

రెండో ప్రపంచయుద్ధం ఆగిన మరుసటి ఏడు, వానలు వెనకపట్టిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. దొడ్లో బియ్యం కడుగుతున్న పిల్లకు ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. నోట్లోంచి నీళ్లు, ముక్కులోంచి నీళ్లు. చెంబెడు నీళ్లు కక్కి, "ఉప్పగా ఉందమ్మా" అని ఒక్క మాట అని కూలబడిపోయింది. చూస్తూండగానే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదవులు వాచాయి. తల్లి హమీదా పెట్టిన కేకకు మూడిళ్ల అవతల దుకాణంలో ఉన్న ఖాదర్ వలి చేతిలో కత్తితోనే పరుగెత్తుకొచ్చాడు. కాసేపటికి పిల్ల తెప్పరిల్లి మళ్లీ దగ్గింది. ఈసారి నీళ్లు రాలేదు. తెల్లటి పొర ఒకటి జారి తాంబాళంలో పడింది. ఉడికిన కోడిగుడ్డు వలిస్తే పెంకు కింద వచ్చే పొర లాంటిదే, కాకపోతే ఇంకా మందం. పడ్డాక కూడా అది అంచులు లోపలికి ముడుచుకుంటూ మెల్లగా కదిలింది.

మాచర్లలో ముప్పై ఏళ్లుగా గొర్రెలు కోసి మాంసం అమ్ముతున్న మనిషి ఖాదర్ వలి. గొర్రె కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో అప్పుడప్పుడు నీళ్లతిత్తులు కనపడతాయి, కొన్ని రేగుపండంత, కొన్ని నిమ్మకాయంత. కత్తి మొన తగిలిందంటే చివ్వున మొహాన కొడతాయి. పెదవి మీద పడితే ఉప్పగా ఉంటుంది. నీళ్లన్నీ పోయాక లోపల మిగిలేది ఇదిగో, ఈ పొరే. తాంబాళంలో కదులుతున్న దాన్ని అతను వందలసార్లు చూశాడు, వేళ్లతో తీసి పారేశాడు.

గొర్రె రొమ్ములో ఉండేది పిల్ల రొమ్ములోకి ఎలా వచ్చింది? అతనికి తోచిన జవాబు ఒక్కటే, అది తోచాక ఒళ్లు చల్లబడింది. ఉసురు. బిస్మిల్లా అనకుండా ఒక్కదాన్నీ కోయలేదు, నీళ్లు తాగించకుండా కోయలేదు, ఒకదాని కళ్లెదుట ఇంకొకదాన్ని కోయలేదు. అయినా ఆ వేల గొర్రెల చివరి ఊపిరి ఎక్కడో ఒకచోట పోగయిందేమో. పోగై, తన ఒక్కగానొక్క కూతురి ఛాతీలో చేరిందేమో. ఇది పైకి చెప్పుకునే మాటా? హమీదాకు చెబితే గుండె పగిలి చస్తుంది. చెప్పకుంటే తనే చచ్చేట్టున్నాడు. నోరు మూసుకున్నాడు.

మాచర్ల మాత్రం నోరు మూసుకోలేదు. పక్కింటి వెంకటరమణమ్మ, పిల్ల రైలుకట్ట వెంబడి మిట్టమధ్యాహ్నం ఒంటరిగా వచ్చిందనీ, అక్కడే గాలి సోకిందనీ కళ్లతో చూసినట్టు చెప్పింది. తాయెత్తు కట్టిన ఫకీరు, పట్టినదాన్ని వదిలించేటప్పుడు కావాల్సి వస్తుందని ఆ పొరను దాచమన్నాడు. హమీదా దాన్ని ఉప్పులో వేసి సీసాకు బిరడా బిగించి బియ్యపు కుండ వెనక పెట్టింది. నాడి చూసిన వైద్యుడు క్షయ అన్నాడు. ఆ మాట బయటికి పొక్కిన నాటినుంచి దుకాణం ముందు ఈగలు తప్ప ఎవరూ నిలబడలేదు.

పదిహేనేళ్ల రషీదా వాగుడుకాయ. నవ్వితే వీధి చివరికి వినపడేది. ఇప్పుడు దొడ్లో గోడకు ఆనుకుని, తల కొంచెం పక్కకు వంచి, ఎవరి మాటో శ్రద్ధగా వింటున్నట్టు కూర్చుంటోంది. ఒక మధ్యాహ్నం చాప మీద నిద్రపోతోంది కదా అని ఖాదర్ వలి మెల్లగా వంగి ఆమె వీపుకు చెవి ఆనించాడు. ఎడమవైపు ఊపిరి వచ్చిపోతూ వినిపించింది. కుడివైపు కింద, పక్కటెముకల దగ్గర ఏమీ లేదు. ఎంతసేపు విన్నా ఏమీ లేదు. లోపల ఎవరో ఊపిరి బిగబట్టుకుని, తన చెవి అవతల ఇంకో చెవి పెట్టి వింటున్నట్టు అనిపించింది. ఖాదర్ వలి చటుక్కున తల ఎత్తాడు.

"నీకూ తెలిసిందా అబ్బా?" అంది రషీదా. నిద్రపోలేదు.

"ఏందమ్మా?"

"అది ఏం మాట్లాడదు. నేను ఈ పక్కకి తిరిగితే అదీ తిరిగిద్ది. నేను నవ్వితే ఊరుకుంటది. దగ్గొస్తే మాత్రం ఒళ్లు ముడుచుకుంటది." పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని, "నాకంటే దానికే చానా భయంగా ఉందబ్బా" అంది.

మర్నాడే పిల్లనూ హమీదానూ తీసుకుని నరసరావుపేట బస్సెక్కాడు. అది బొగ్గు బస్సు. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి వెనక పొయ్యి కట్టుకుని, ఊపిరాడని ముసలివాడిలా రొప్పుతూ నడిచేది. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్లు దిగి తొయ్యాలి. గురజాల దాటాక తోస్తూ తోస్తూ ఖాదర్ వలి కిటికీలోకి చూశాడు. పిల్ల రెండు చేతులూ కుడి పక్కటెముకల కింద పెట్టుకుని కూర్చుంది, కుదుపులకు ఒలకకూడని కుండను ఒళ్లో పెట్టుకున్నట్టు.

నరసరావుపేట మిషను ఆసుపత్రిలో ఆడడాక్టరు ఉందనే హమీదా ఒప్పుకుంది. పేరు దయామణి. బడిపంతులు కూతురు, మద్రాసులో చదువుకుని వచ్చింది. మాట కటువు, చెయ్యి మెత్తన. తెర వెనక రషీదా వీపు మీద ఒక వేలు ఆనించి రెండో వేలితో కొట్టుకుంటూ కిందికి వచ్చింది. డొల్లగా పలుకుతున్న శబ్దం ఒకచోట ఆగిపోయి, గోడను కొట్టినట్టు మొద్దుగా పలికింది.

"ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు చేరాయి. సూదితో తీసేస్తే తేలికపడుతుంది. రోజూ చేసే పనే," అని హమీదాకు చెప్పి, "కృపమ్మా, సూది మరగబెట్టు" అని నర్సును కేకేసింది.

తెర ఇవతల బల్ల మీద కూర్చున్న ఖాదర్ వలి, కృపమ్మ మరగబెట్టి తెస్తున్న ట్రేలోకి చూశాడు. ఆవిరి మధ్య జానెడు సూది. కత్తి మొన తగలగానే చివ్వున ఎగిసే నీళ్లు కళ్లముందు మెదిలాయి. ఆ తర్వాత ఒక్క గుక్కెడు ఉప్పునీళ్లకే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, కట్టెలా పడిపోయిన పిల్ల మెదిలింది. అప్పుడు పగిలింది చిన్నది, లోపల ఉన్నది పెద్దది. చేతిలో ఉన్న టోపీ కిందపడ్డా చూసుకోకుండా తెర తోసుకుని లోపలికి పోయాడు.

"గుచ్చొద్దమ్మా!"

"బయటికి నడువు సాయిబూ! ఆడపిల్ల ఒళ్లు..." అంది దయామణి.

"నా బిడ్డేనమ్మా. నీ కాళ్లు మొక్కుతా, గుచ్చొద్దు. అది చుట్టూ చేరిన నీళ్లు కాదు. తిత్తి. తిత్తిలో నీళ్లు. గొర్రెల్లో ఉంటయ్. నేను కసాయోణ్ణి, నాకు తెలుసు. పగిలితే పిల్ల దక్కదు." ఇన్నాళ్లూ మూసుకున్న నోరు తెరిచేసరికి మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హమీదా నోరు తెరుచుకుని మొగుడి వైపు చూసింది. చూసి, మెల్లగా ముసుగు కిందినుంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

దయామణి సీసా ఎత్తి కిటికీ వెలుతురుకు పట్టింది. చాలాసేపు చూసింది. ఆ కటువు మొహంలో రక్తం లేదు.

"చదువుకునే రోజుల్లో ఒకసారి చూశాను," అంది ఎవరితోనూ కాకుండా. "ఒకతనికి ఇలాగే నీళ్లనుకుని సూది గుచ్చారు. బావినీళ్లంత తేటగా రెండు చెంచాలు వచ్చాయి. ఎంత తేటగా ఉన్నాయో అనుకుంటున్నాం. సూది బయటికి తీసేలోపల మనిషి లేడు." ట్రే మీద మూత వేయబోయింది. మూత రెండుసార్లు జారింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం చమురు ఇంజనుతో నడిచేది, వారానికి రెండు రోజులే. ప్లేటు ఆరాక దయామణి దాన్ని కిటికీకి ఆనించి ఖాదర్ వలిని పిలిచింది. నల్లటి పొగలో పక్కటెముకలు. వాటి వెనక కుడివైపు కింద, గీసినట్టు గుండ్రంగా, పున్నమినాటి చందమామంత తెల్లగా ఒకటి కూర్చుని ఉంది. ఇంత అందమైనదాన్ని అక్కడ ఎవరు పెట్టారా అనిపించేట్టుంది. తను కోసిన ఏ గొర్రెలోనూ అంతది చూడలేదు ఖాదర్ వలి.

"గొర్రెలో దొరికింది ఒకటి తెచ్చి చూపించు," అంది డాక్టరు.

మూడు రోజులు ఊరి కసాయి దొడ్ల చుట్టూ తిరిగితే దొరికింది. దయామణి దాని నీళ్ల చుక్క ఒకటి, సీసాలోని పొర గోకి ఇంకొకటి, మైక్రోస్కోపు కింద పెట్టి ఒకదాని తర్వాత ఒకటి చూసింది. తర్వాత అతన్నీ చూడమంది. ఒక కన్ను మూసి చూసిన ఖాదర్ వలికి మొదట ఇసక కనపడింది. తర్వాత ఆ ఇసక రేణువుల్లో ప్రతిదానికీ ఒక తలకాయ ఉందని కనపడింది. తలకాయ చుట్టూ కొక్కేలు. రెండు చుక్కల్లోనూ అవే.

"ఒక్కో చుక్కలో వందలు," అంది దయామణి. "ఇవి గొర్రెలో పెరిగి పెద్దవి కావు. మనిషిలోనూ కావు. ఎదురుచూస్తూ ఉంటాయి, అంతే. సాయిబూ, గొర్రెలో ఈ తిత్తులు కనపడితే ఏం చేస్తావు?"

"కోసి అవతల పెడతానమ్మా. మనుషులకి అమ్మను. అది హరాం."

"అవతల పెట్టి?"

"కుక్కకేస్తా. నోరులేని జీవం, దానికీ ఓ వాటా ఉండాలి గదా. మా తాతల కాడ్నించీ అంతే."

దయామణి మైక్రోస్కోపు పక్కకు జరిపింది. తర్వాత ఒక్కో మాటా ఆచితూచి చెప్పింది. ఈ తలకాయలు ఎదురుచూసేది కుక్క కడుపు కోసమే. అక్కడ పడ్డాక అవి పురుగులై గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు కుక్క దొడ్డికి వెళ్లిన చోట గడ్డికి అంటుకుంటాయి, గొర్రెలు మేస్తాయి. కుక్క నాలుకతో ఒళ్లు నాక్కుంటే దాని బొచ్చుకూ అంటుకుంటాయి. ఆ బొచ్చు నిమిరిన చెయ్యి నోట్లో పెట్టుకుంటే మనిషిలోకి వెళతాయి. "మీ ఇంట్లో కుక్క ఉందా?"

ఉంది. ఇంట్లో కాదు, దుకాణం వెనక. మోతీ. కుక్కను తాకిన ఒంటితో గడప తొక్కొద్దని హమీదా పదేళ్లు పోరింది. ఆమె చూడకుండా పిల్ల దాని మెడ కావిలించుకుని కూర్చునేది, తన రొట్టె దానికి సగం పెట్టి మిగతాది తను తినేది. తిత్తి దొరికిందంటే, "నేనేస్తా అబ్బా, నేనేస్తా" అని ఎగిరేది. అతనే పిల్ల అరచేతిలో పెట్టేవాడు. హమీదా అరిస్తే తండ్రీ కూతుళ్లు కళ్లతో నవ్వుకునేవాళ్లు.

గొర్రెల ఉసురు కాదన్నమాట. రెండు నెలలుగా మెడ మీదున్న బరువు దిగినట్టయి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి బయటికి రాకముందే అసలు సంగతి తగిలింది. ఉసురైతే ఎంత బాగుండేది! ఉసురైతే దేవుడి కాళ్లు పట్టుకునేవాడు. ఇది అతని చెయ్యి. ఖాదర్ వలి డాక్టరు గదిలో నేల మీద చతికిలబడి తన కుడి అరచేతిని ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

"మందు లేదు," అంది దయామణి. "కోసి తీయడమొక్కటే. నేను ఎప్పుడూ తీయలేదు, పుస్తకంలో చదివాను. మద్రాసు దాకా ఈ బస్సుల్లో రైళ్లలో తీసుకెళ్తే దారి కుదుపులకే పగులుతుంది. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

"నువ్వే చెయ్యమ్మా," అన్నాడు.

మొదటి కోతకు అరగంట పట్టింది. రొమ్ము తెరిస్తే బయటి గాలి జొరబడి ఊపిరితిత్తి ముడుచుకుపోతుందట. అందుకని పక్కటెముక ముక్క ఒకటి తీసి, అయోడిన్ తడిపిన గుడ్డ అక్కడ కూరి కట్టు కట్టింది. మూడు వారాల్లో ఊపిరితిత్తి గోడకు అతుక్కుంటుంది, అప్పుడు అసలు కోత. ఆ మూడు వారాలూ రషీదాకు దగ్గు రాకుండా కృపమ్మ కంటికి రెప్పలా కాచింది. కట్టు మార్చేటప్పుడు ఎముక లేని చోట చర్మం మెల్లగా లేచి పడుతుండేది. ఊపిరికి లేవాల్సినదే, కానీ ఊపిరితో లేచేది కాదు. కాస్త వెనకబడి లేచేది. కృపమ్మ ఆ సంగతి డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదు, చెప్పి శిలువ గుర్తు వేసుకుంది.

దయామణికి నిద్ర పట్టడం లేదని ఆమె కళ్లే చెప్పేవి. పుస్తకంలో ఏముందంటే, తిత్తి కనపడగానే చుట్టూ గుడ్డలు పరిచి సన్నసూదితో నీళ్లు లాగేసి, తర్వాత పొర తీయమని. ఒక్క చుక్క లోపలికి జారితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఒకరోజు ఖాదర్ వలిని పిలిచి అడిగింది. "నువ్వెలా తీస్తావు, పగలకుండా?"

"చూపిస్తానమ్మా."

ఆసుపత్రి వెనక రేకుల పంచలో రాతిబల్ల మీద గొర్రె ఊపిరితిత్తులు పెట్టాడు, కంఠనాళంతో సహా. మసక తెలుపుగా తిత్తి కనపడే చోట కత్తిని వెంట్రుకవాసి లోతున ఒకసారి లాగాడు. మళ్లీ లాగాడు. అయిదోసారికి తెల్లటిది తొంగిచూసింది. అక్కడ కత్తి కింద పెట్టేశాడు.

"ఇక తాకకూడదు. లాగితే పగులుద్ది, పిసికినా పగులుద్ది. దానంతట అదే రావాల. ఎనకనించి గాలి తొయ్యాల." కంఠనాళానికి నోరు పెట్టి ఊదాడు.

చచ్చిన గొర్రె ఊపిరితిత్తులు బల్ల మీద ఊపిరి పీల్చుకున్నాయి. బూడిదరంగు పోయి గులాబీ రంగు తిరిగింది. మూలమూలలా ఉబ్బుతూ, బతికినదానిలా లేచాయి. కోత పెదవులు తెరుచుకున్నాయి. తెల్లని తిత్తి వాటి మధ్యనుంచి, ఎవరో లోపలినుంచి చేత్తో అందిస్తున్నట్టు నెమ్మదిగా జారి అతని అరచేతిలోకి వచ్చింది. ఒక్క చుక్క కారలేదు. అరచేతిలో అది వణుకుతూ ఉంది.

"మళ్లీ," అంది దయామణి. వారంలో నాలుగుసార్లు చేయించింది. అయిదోసారి కత్తి తను తీసుకుంది, ఊదటం అతని వంతు. అప్పుడు వరండా మంచం మీదినుంచి రషీదా గొంతు వినపడింది.

"ఎవరికబ్బా ఊపిరి పోస్తన్నావు?"

ఖాదర్ వలి రక్తమంటిన మూతితో తిరిగి చూశాడు. "నీకేనమ్మా," అన్నాడు.

రెండో కోత నాడు పొద్దున పది గంటలకు పిల్లను బల్ల మీద ఎడమ పక్కకు పడుకోబెట్టారు. మత్తుకు ఈథరు ఇస్తే దగ్గు వస్తుంది. అందుకని తిమ్మిరి సూదులే వేశారు. పిల్ల మెలకువగా ఉండాలి, కదలకూడదు, దగ్గకూడదు, చెప్పినప్పుడు మాత్రం నోరు బిగించి లోపలి గాలి మొత్తం తొయ్యాలి. మరొకరు చెబితే వినే పిల్ల కాదు. తండ్రి చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడిగించి, గుడ్డ కట్టి, తల దగ్గర నిలబెట్టారు. పక్క గదిలో హమీదా చదువుతున్న దువా సన్నగా వినపడుతోంది.

కత్తి ఆడుతోంది. ఒక గీత. ఇంకో గీత. ఖాదర్ వలి చూడకూడదనుకున్నా అతని కళ్లు ఊరుకోలేదు. అయిదో గీతకు ఎర్రదనం మధ్య తెల్లటిది తొంగిచూసింది. దయామణి కత్తి కింద పెట్టింది.

"ఇప్పుడు, తల్లీ. తొయ్యి."

రషీదా తొయ్యలేదు. ఆమె పెదవులు కదిలాయి. "అబ్బా, అది రానంటంది. నన్నూ ఎంటపెట్టుకుపోద్ది."

"పోదమ్మా. ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు తొయ్యి. ఒక్కసారి."

"పోద్ది. నాకు తెలుసు." కళ్లు తేలేస్తోంది. ఎక్కడో లోపల దగ్గు కదిలింది. ఛాతీ ఒక్కసారి ఎగిరింది. కోతలో తెల్లటిది ఉబ్బి ఆగింది. దయామణి ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు దగ్గు వచ్చిందంటే అది లోపలే పగులుతుంది.

ఆలోచించే వ్యవధి లేదు. ఖాదర్ వలి ఎడమ చెయ్యి ఆమె తల కిందికి పోయింది, కుడి చెయ్యి నోరూ ముక్కూ కలిపి గట్టిగా మూసేసింది. ఆ పట్టు అతను ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున్నే పడుతున్న పట్టే అది, మెడ వంచి మూతి బిగించే పట్టు. అప్పుడు ఎప్పుడూ కళ్లలోకి చూడడు. కసాయివాడు చూడడు, చూస్తే చెయ్యి ఆడదు. ఇప్పుడు తల తిప్పుకుందామన్నా వీల్లేకపోయింది. వేళ్ల పైన రెండు కళ్లు పెద్దవై అతన్నే చూస్తున్నాయి. ఎందుకబ్బా అని అడుగుతున్నాయి.

"తొయ్యి, నా తల్లీ! నా చేతి మీదికి తొయ్యి!"

గాలి అతని అరచేతిని తన్నింది. మూసిన నోటి వెనక పిల్ల ఒళ్లంతా బిగుసుకుంది. బల్ల అవతల కృపమ్మ "ప్రభువా" అంది. కోత పెదవులు తెరుచుకున్నాయి. తెల్లగా, గుండ్రంగా, కొబ్బరికాయంతది, వెలుతురు లోపలికి దూరి వెలుగుతున్నట్టుగా, తొందరేమీ లేకుండా బయటికి వచ్చి దయామణి దోసిట్లో కూర్చుంది. పగల్లేదు. ఒక్క చుక్క లేదు.

ఖాదర్ వలి చెయ్యి తీసేశాడు. రషీదా గుండెల నిండా గాలి పీల్చి, పీల్చిన ఊపిరితోనే ఏడ్చింది. ఆ ఏడుపు వీధి చివరికి వినపడేంత గట్టిగా ఉంది. అది విని పక్క గదిలో హమీదా కూడా ఏడ్చింది. దయామణి నవ్వబోయి, కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అలాగే నిలబడింది.

కట్టు కట్టాక ఆమె తిత్తి ఉన్న పింగాణీ బేసిన్ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ఇంకెవరినీ నమ్మను సాయిబూ. వెనక గొయ్యి తవ్వించాను. కిరసనాయిలు పోసి, బూడిదయ్యేదాకా అక్కడినుంచి కదలొద్దు."

మిట్టమధ్యాహ్నం. ఆసుపత్రి వెనక బీడులో పిట్ట కూడా కూయడం లేదు. గొయ్యి దగ్గర బేసిన్ దించి కిరసనాయిలు సీసా మూత తీసి తల ఎత్తేసరికి ఎదురుగా ఒక కుక్క కూర్చుని ఉంది. తర్వాత ఇంకొకటి వచ్చి దాని పక్కన కూర్చుంది. గోడ సందులోంచి రెండు, తుమ్మచెట్టు కింది నుంచి మూడు. ఏదీ మొరగలేదు, ఏదీ మూలగలేదు. ఆ ఊరి కుక్కలకు అతనెవరో తెలియదు. అయినా ముప్పై ఏళ్ల వాసన వాటికి చెప్పాల్సింది చెప్పేసింది. వరసగా కూర్చుని అతని మొహం వైపు కాకుండా చేతి వైపు చూస్తున్నాయి.

బేసిన్‌లోది ఇంకా వెచ్చగా ఉంది. అది వెచ్చగా ఉందని తనకెలా తెలిసిందా అనుకుని ఖాదర్ వలి కిందికి చూసుకున్నాడు. అతని కుడి చెయ్యి దాన్ని ఎత్తి పట్టుకుని ఉంది. మణికట్టు విసరడానికి అప్పటికే వెనక్కి వంగింది.

అరిచాడో లేదో అతనికి గుర్తు లేదు. దాన్ని గోతిలోకి దించి, ఉన్న కిరసనాయిలంతా పోసి అగ్గిపుల్ల గీశాడు. మంటలో అది చిట్లింది. ఉప్పునీళ్లు మంటను రెండుసార్లు ఆర్పేశాయి. రెండుసార్లూ ఆసుపత్రిలోకి పరుగెత్తి కిరసనాయిలు తెస్తూ, వెనక్కి తిరిగి రాళ్లు రువ్వాడు. కుక్కలు నాలుగడుగులు జరిగి మళ్లీ కూర్చున్నాయి. అంతా బూడిదయ్యాక, ఎవరూ తోలకుండానే ఒక్కొక్కటే లేచి వెళ్లిపోయాయి.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వార్డులోకి వచ్చేసరికి రషీదా కళ్లు తెరిచి ఉంది. మొహంలో రంగు వచ్చింది. మంచం పక్కన హమీదా కూర్చుని నిద్రలో తూగుతోంది.

"బయటికొచ్చిందా అబ్బా?"

"వచ్చిందమ్మా."

"పగల్లేదు గదా?"

"పగల్లేదు. అంత బాగా నేను కూడా ఎప్పుడూ తియ్యలేదు."

పిల్ల మొహంలో కసాయివాడి కూతురి గర్వం కనపడింది. కాసేపు కళ్లు మూసుకుని, కొత్త ఊపిరిని లోపలికి తీసుకుని చూసుకుంది. "మోతీకి దాచావా మరి?" అంది.

కుక్క సంగతి ఎవరూ ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్పాల్సింది తనేనని ఖాదర్ వలికి తెలుసు.

"లేదమ్మా. కాల్చేశా."

"అయ్యో, ఎందుకబ్బా? అంత పెద్దది!" నిద్ర ముంచుకొస్తున్న గొంతు. "పాపం, మనం ఎప్పుడొస్తామా అని దుకాణం కాడే కూర్చుని ఉంటది. ఊరికి పోయినాక దానికి ఇంకోటి నేనే ఏస్తా."

నిద్రలోకి జారుకుంటూ చెయ్యి అతని వైపు చాపింది. పట్టుకుందామని ఖాదర్ వలి తన చెయ్యి చాపాడు, చాపిన చేతిని చూసుకుని ఆగిపోయాడు. లేచి వెళ్లి మళ్లీ కడుక్కొచ్చాడు.